గడియారమా, మెదడు బొమ్మా? ఆలస్యంగా తెలిసిన పక్షవాతంలో స్కానుల ఎంపిక

ముందుగా ఒక మాట. నేను డాక్టరుని కాను. ఇక్కడ ఎమ్మెస్ చేసి, పదేళ్ళుగా డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. ఈ వ్యాసం వైద్య సలహా కాదు. మా ఇంట్లో ఒక సంఘటన జరిగాక, ఆ రాత్రి డాక్టర్ల నోట విని అర్థం కాని మాటలన్నిటినీ ఒక్కొక్కటిగా చదివి తెలుసుకున్నాను. మీలో ఎవరికైనా ఎప్పుడైనా అర్ధరాత్రి ఫోను పట్టుకుని అదే పని చెయ్యవలసి వస్తే కొంత శ్రమ తగ్గుతుందని రాస్తున్నాను.

ఆ రాత్రి

2024 జనవరి, సంక్రాంతి వెళ్ళిన వారం. ఇక్కడ సాయంత్రం ఆరున్నర, తెనాలిలో తెల్లవారి ఆరు. అమ్మ ఫోను. "మీ నాన్నగారికి కుడి చెయ్యి లేవట్లేదురా. ఏదో చెప్పబోతున్నారు, మాట రావట్లేదు" అంది. దగ్గరలో ఉన్న నర్సింగ్ హోముకి తీసుకెళ్ళారు. అక్కడ సీటీ స్కాను తీసి, రక్తస్రావం లేదు, గడ్డ అడ్డుపడింది అన్నారు. "రాత్రి పదింటికి పడుకున్నారంటున్నారు. ఇంజెక్షనుకి నాలుగున్నర గంటలే గడువు, అది ఎప్పుడో దాటిపోయింది. చేర్చుకుని మందులు వాడదాం" అన్నారు.

మా పెద్దమ్మగారి అబ్బాయి హైదరాబాదులో పిల్లల డాక్టరు. అన్నయ్య మాత్రం, "గడువు సంగతి తరువాత. ముందు గడ్డ బయటికి తీసే సౌకర్యం ఉన్న ఆసుపత్రికి కదలండి" అని పట్టుబట్టాడు. వెళ్ళాలా వద్దా అని ఇంట్లో తర్జనభర్జనలు పడి, బయల్దేరి, విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిదీ ముప్పావు. ఆ తరువాత జరిగినది చెప్పేముందు అసలు విషయంలోకి వెళదాం.

వాడిన చేను, ఎండిన చేను

పక్షవాతం రెండు రకాలు. మెదడులో రక్తనాళం చిట్లి రక్తం కారటం ఒకటి. రక్తనాళానికి గడ్డ అడ్డుపడి అవతలికి రక్తం అందకపోవటం రెండోది. రెండోదే ఎక్కువ మందికి వస్తుంది. ఈ వ్యాసం దాని గురించే, అందులోనూ మెదడు ముందు భాగానికి వెళ్ళే పెద్ద రక్తనాళం మూసుకుపోయిన సందర్భం గురించే.

మాది కాలువల ప్రాంతం కాబట్టి నాకు తోచిన పోలిక చెబుతాను. కాలువకి అడ్డం పడితే కింద ఉన్న పొలమంతా ఒక్కసారే ఎండిపోదు. అడ్డానికి దగ్గరగా, వేరే నీటి ఆధారం లేని మడి ముందు ఎండుతుంది. దాని చుట్టూ ఉన్న చేను వాడుతుంది గాని వెంటనే చావదు. పక్క బోదెల్లోంచి కాస్త కాస్త నీరు వస్తుంటే మరికొంతసేపు నిలబడుతుంది. మెదడులో కూడా అంతే. అప్పటికే చనిపోయిన భాగాన్ని 'కోర్' అంటారు. దెబ్బ తిని, పని మానేసి, ఇంకా ప్రాణం ఉన్న భాగాన్ని 'పెనంబ్రా' అంటారు. పక్క బోదెల్లాంటి చిన్న రక్తనాళాలు 'కొలాటరల్స్'. గడ్డ తీస్తే బతికేది పెనంబ్రా. తియ్యకపోతే అది కూడా కోర్‌లో కలిసిపోతుంది.

ఎంత వేగంగా కలిసిపోతుంది? పెద్ద రక్తనాళం మూసుకుంటే సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో ఒక లెక్క కట్టారు. ఇది సగటు లెక్క అని మరచిపోకూడదు. కొలాటరల్స్ బాగా లేనివారికి రెండు గంటల్లోనే అంతా అయిపోవచ్చు. బాగా ఉన్నవారికి పన్నెండు గంటల తరువాత కూడా చేను చాలావరకు పచ్చగానే ఉండవచ్చు. బయట నుంచి చూస్తే ఇద్దరికీ చెయ్యి లేవదు, ఇద్దరికీ మాట రాదు. తేడా తెలియాలంటే లోపలి బొమ్మ చూడాలి.

గడియారం ఏలిన రోజులు

గడ్డని కరిగించే టీపీఏ ఇంజెక్షను మూడు గంటల లోపు ఇస్తే మేలు చేస్తుందని 1995లో తేలింది. 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2008లో యూరపులో జరిగిన మరో పరిశోధనతో ఆ గడువు నాలుగున్నర గంటలకి పెరిగింది. అయితే పెద్ద రక్తనాళంలో పడ్డ పెద్ద గడ్డని ఈ ఇంజెక్షను చాలాసార్లు కరిగించలేదు.

అందుకని తొడ దగ్గర ధమనిలోంచి సన్నటి గొట్టం మెదడు దాకా పంపి, వల లాంటి స్టెంటుతోనో, పీల్చే గొట్టంతోనో గడ్డని బయటికి లాగే పద్ధతి వచ్చింది. దీన్నే 'థ్రాంబెక్టమీ' అంటారు. 2013లో వెలువడిన మూడు పరిశోధనలు దీనివల్ల ప్రయోజనం కనబడలేదన్నాయి. 2015లో ఒకదాని వెంట ఒకటిగా వచ్చిన ఐదు పరిశోధనలు గొప్ప ప్రయోజనం ఉందన్నాయి. రెండేళ్ళలో అంత తేడా ఎందుకు? పరికరాలు మెరుగుపడ్డాయి, వేగం పెరిగింది. మరొక ముఖ్య కారణం, 2015 నాటివాళ్ళు పెద్ద నాళంలో గడ్డ నిజంగా ఉందని ముందే బొమ్మ తీసి చూసుకున్నారు. 2013 నాటి పరిశోధనల్లో చాలామందికి ఆ పని చెయ్యలేదు. బొమ్మ విలువ అక్కడే తెలిసింది.

అయినా ఆ రోజుల్లో సాధారణ గడువు ఆరు గంటలే. నిద్రలో పక్షవాతం వచ్చినవాళ్ళ సంగతి ఏమిటి? ఎప్పుడు వచ్చిందో తెలియదు కనుక, చివరిసారి బాగా ఉన్నట్టు చూసిన సమయం నుంచే లెక్క వేస్తారు. అలా లెక్క వేస్తే తెల్లవారి లేచినవాడికి గడువు లేచేసరికే అయిపోయేది.

2018: రెండు పరిశోధనలు

ఈ పరిస్థితిని మార్చినవి 'డాన్', 'డిఫ్యూజ్ 3' అనే పరిశోధనలు. రెండిటి ఫలితాలూ 2018 ప్రారంభంలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయ్యాయి.

డాన్‌లో 206 మంది. బాగా ఉన్నట్టు చివరిసారి చూసి 6 నుంచి 24 గంటలయినవారు. వీళ్ళలో దాదాపు సగం మంది నిద్ర లేస్తూనే లక్షణాలు కనబడినవారు. ఎంపిక సూత్రం ఏమిటంటే, మనిషిలో కనిపించే నష్టం ఎక్కువగా ఉండాలి, బొమ్మలో చనిపోయిన భాగం తక్కువగా ఉండాలి. అంటే చేను వాడింది గాని ఎండలేదన్నమాట. 80 ఏళ్ళు దాటినవారికి కోర్ 21 మిల్లీలీటర్ల లోపు ఉండాలన్నారు. అంతకు తక్కువ వయసువారికి 31 లోపు, లక్షణాలు మరీ తీవ్రంగా ఉంటే 51 లోపు. మూడు నెలల తరువాత చూస్తే, తన పనులు తాను చేసుకోగలిగినవారు గడ్డ తీసినవారిలో 49 శాతం, తియ్యనివారిలో 13 శాతం.

డిఫ్యూజ్ 3లో 182 మంది, 6 నుంచి 16 గంటలు. ఇక్కడ కోర్ 70 మిల్లీలీటర్ల లోపు ఉండి, రక్తం తగ్గిన మొత్తం భాగం దానికి కనీసం 1.8 రెట్లు ఉండి, రెండిటికీ తేడా 15 మిల్లీలీటర్లయినా ఉండాలి. ఫలితం 45 శాతానికి 17 శాతం. మరణాలు 14 శాతానికి 26 శాతం.

డాన్‌ని తేడా స్పష్టంగా కనబడటంతో మధ్యలోనే ఆపారు. ఆ ఫలితాలు వచ్చాక డిఫ్యూజ్ 3ని కూడా ముందే ఆపారు. 2018లోనే అమెరికా మార్గదర్శకాలు మారాయి. గడువు ఆరు గంటల నుంచి, బొమ్మలు అనుకూలంగా ఉన్నవారికి, 24 గంటలకి పెరిగింది.

ఏ బొమ్మ ఏం చెబుతుంది?

మామూలు సీటీ: మొదట తీసేది ఇదే. నిమిషాల్లో అయిపోతుంది, చిన్న ఊళ్ళలో కూడా దొరుకుతుంది. రక్తస్రావం ఉందా లేదా అన్నది దీనివల్లే తేలుతుంది. చనిపోతున్న మెదడు ఇందులో కాస్త నల్లబడి, అంచులు చెరిగిపోయినట్టు కనబడుతుంది. దీనికి మార్కులు వేసే పద్ధతి 'ఆస్పెక్ట్స్'. 2000లో కెనడాలోని కాల్గరీవాళ్ళు ప్రచురించారు. మెదడులో ఒక పెద్ద నాళం పారే ప్రాంతాన్ని పది భాగాలు చేసి, పది మార్కులతో మొదలుపెట్టి, చెడిన భాగానికి ఒకటి చొప్పున తీసేస్తారు. పది అంటే బాగుంది, సున్నా అంటే అంతా పోయింది. ఇబ్బంది ఏమిటంటే, చూసే కన్నుని బట్టి ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ అవుతాయి.

సీటీ యాంజియో: చేతి నరంలోకి అయోడిన్ మందు ఎక్కించి తీసే సీటీ. గడ్డ ఎక్కడ ఉందో చూపించేది ఇదే. పెద్ద నాళంలో గడ్డ కనబడకపోతే థ్రాంబెక్టమీ మాటే రాదు. కాబట్టి ఇది లేకుండా "మా దగ్గర చెయ్యగలిగింది లేదు" అనటానికీ లేదు, "గడ్డ తీద్దాం" అనటానికీ లేదు. కొన్ని సెకన్ల తేడాతో రెండు మూడు సార్లు తీస్తే పక్క బోదెల్లో నీరు ఎంత వస్తోందో, అంటే కొలాటరల్స్ ఎలా ఉన్నాయో కూడా తెలుస్తుంది. మూత్రపిండాల జబ్బు లేనివారికి క్రియాటినిన్ ఫలితం కోసం ఆగకుండా ఇది తియ్యవచ్చని 2018 మార్గదర్శకాలు చెప్పాయి.

సీటీ పర్‌ఫ్యూజన్: అదే అయోడిన్ మందు మెదడులోకి వచ్చి పోయేదాకా, సుమారు ఒక నిమిషం పాటు, ఒకే చోట మళ్ళీ మళ్ళీ బొమ్మలు తీస్తారు. సాఫ్ట్‌వేర్ వాటి నుంచి రంగుల పటం గీస్తుంది. రక్త ప్రవాహం ఆరోగ్యంగా ఉన్న భాగంతో పోలిస్తే 30 శాతం కన్నా తగ్గిన చోటు కోర్ అని, రక్తం ఆరు సెకన్ల కన్నా ఆలస్యంగా చేరుతున్న చోటు ప్రమాదంలో ఉన్న ప్రాంతమని ఎక్కువగా వాడే లెక్క. డాన్, డిఫ్యూజ్ 3 రెండూ స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన 'రాపిడ్' అనే సాఫ్ట్‌వేర్‌ని వాడాయి.

ఎమ్మారై: ఇందులో 'డిఫ్యూజన్' బొమ్మ కోర్‌ని అన్నిటికన్నా స్పష్టంగా, పక్షవాతం వచ్చిన నిమిషాల్లోనే చూపిస్తుంది. నిద్రలో వచ్చిన పక్షవాతానికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. డిఫ్యూజన్‌లో మచ్చ కనబడి, 'ఫ్లెయిర్' అనే మరో బొమ్మలో ఇంకా కనబడకపోతే, జరిగి నాలుగున్నర గంటలు అయి ఉండకపోవచ్చని అర్థం. అటువంటివారికి ఇంజెక్షను ఇస్తే మేలు జరిగిందని 2018లో 'వేక్-అప్' అనే పరిశోధన చూపించింది. కాని ఎమ్మారైకి సమయం ఎక్కువ పడుతుంది, రోగి కదలకూడదు, ఒంట్లో లోహం గాని పేస్‌మేకరు గాని ఉన్నాయేమో ముందు తేల్చుకోవాలి. మాట పడిపోయిన మనిషి ఆ జవాబులు చెప్పలేడు. ఇంట్లోవాళ్ళే చెప్పాలి.

సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు అనిపించింది

రంగుల పటం చూడగానే నాకు నమ్మకం కలిగింది. అది నా వృత్తి జబ్బు. కాని ఆ రంగు వెనక ఉన్నది ఒక గీత మాత్రమే. 30 శాతం అన్నచోట ఇంకో అంకె పెడితే కోర్ పెరుగుతుంది, తగ్గుతుంది. రోగి కదిలినా, గుండె బలహీనంగా ఉండి మందు నెమ్మదిగా వచ్చినా పటం తప్పుతుంది. పక్షవాతం వచ్చిన తొలి గంటల్లో బతికి ఉన్న భాగాన్ని కూడా కొన్నిసార్లు కోర్‌గా చూపిస్తుంది. అందుకే అనుభవం ఉన్న డాక్టర్లు రంగుల పటాన్ని ఒక్కదాన్నే చూసి నిర్ణయించరు. పక్కన మామూలు సీటీ పెట్టుకుని రెండూ సరిపోతున్నాయా అని చూస్తారు.

యంత్రం మీద గుడ్డి నమ్మకానికి ఒక హెచ్చరిక కూడా ఉంది. లాస్ ఏంజిలెస్‌లో ఒక ఆసుపత్రిలో పర్‌ఫ్యూజన్ స్కానుల సెట్టింగు తప్పుగా ఉండటం వల్ల, సుమారు 18 నెలల పాటు 206 మందికి ఉండవలసిన దానికి ఎనిమిది రెట్ల రేడియేషన్ తగిలిందని 2009లో బయటపడింది. కొంతమందికి జుట్టు ఊడింది. ఒకసారి మార్చిన సెట్టింగుని మళ్ళీ ఎవరూ సరిచూడలేదు. మన ఉద్యోగాల్లో ఇది ఎంత తేలికగా జరుగుతుందో మనకి తెలియనిది కాదు.

అయితే ఎంత బొమ్మ చాలు?

ఇదీ అసలు ప్రశ్న. పర్‌ఫ్యూజన్, ఎమ్మారై లేని ఆసుపత్రి చేతులు ఎత్తెయ్యాలా? 2018లో మార్గదర్శకాలు మారినప్పుడు చాలామంది అలాగే అర్థం చేసుకున్నారు. ఆ తరువాత వచ్చిన సమాచారం వేరే దారి చూపించింది.

2022లో అచ్చయిన 'క్లియర్' అధ్యయనంలో, ఆలస్యంగా గడ్డ తీసిన 1604 మంది ఫలితాలని పోల్చారు. మామూలు సీటీతో ఎంపిక చేసినవారికీ, పర్‌ఫ్యూజన్‌తో ఎంపిక చేసినవారికీ కోలుకోవటంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది చీటీ వేసి రెండు జట్లుగా పంచిన పరిశోధన కాదు కనుక ఇదొక్కటే రుజువు కాదు. అయితే 2023లో నెదర్లాండ్స్‌లో చీటీ వేసి చేసిన 'మిస్టర్ క్లీన్ లేట్' అనే పరిశోధన, 6 నుంచి 24 గంటల మధ్య వచ్చి, సీటీ యాంజియోలో కొలాటరల్స్ కొంతయినా కనబడినవారిని తీసుకుంది. 502 మందిలో, గడ్డ తీసినవారు మెరుగ్గా కోలుకున్నారు. గడ్డ తీశాక మెదడులో రక్తస్రావం కావటం ఎక్కువైన మాట నిజమే, 7 శాతానికి 2 శాతం. అయినా మొత్తం మీద లాభమే మిగిలింది.

ఇంకో మార్పు కూడా వచ్చింది. కోర్ పెద్దదిగా ఉంటే గడ్డ తీసి లాభం లేదని చాలాకాలం అనుకున్నారు. 2022లో జపానులో, 2023లో చైనాలో, అమెరికా తదితర దేశాల్లో జరిగిన పరిశోధనలు అది నిజం కాదన్నాయి. వాటిలో ఒకటైన 'సెలెక్ట్ 2'లో, 24 గంటల లోపు వచ్చిన పెద్ద కోర్ ఉన్నవారిలో తన పనులు తాను చేసుకోగలిగినవారు గడ్డ తీస్తే 20 శాతం, తియ్యకపోతే 7 శాతం. దాదాపు మూడు రెట్లు. కాని రెండో వైపు కూడా చూడాలి. గడ్డ తీసినా ఐదుగురిలో నలుగురు ఇంకొకరి సాయం మీద ఆధారపడ్డారు, లేదా చనిపోయారు. ఆ నిర్ణయం ఇంట్లోవాళ్ళతో నిజాయితీగా మాట్లాడి తీసుకోవలసినది.

నాకు అర్థమైన సారాంశం ఇది. బొమ్మ పని, మేలు జరిగేవారిని వెతికి పట్టుకోవటం. ఒక రకం బొమ్మ లేదన్న సాకుతో అటువంటివారిని వదిలెయ్యటం కాదు. మామూలు సీటీ, సీటీ యాంజియో బాగా తీసి బాగా చదివితే చాలామంది విషయంలో నిర్ణయానికి వచ్చెయ్యవచ్చు. వాటితో తేలని సందేహం ఉన్నప్పుడు, ఆలస్యం కాకుండా దొరికేటప్పుడు, పర్‌ఫ్యూజన్, ఎమ్మారై ఎంతో ఉపయోగం.

మళ్ళీ విజయవాడకి

పది గంటల పదిహేను నిమిషాలకి నాన్నగారికి సీటీ యాంజియో తీశారు. ఎడమవైపు పెద్ద నాళంలో గడ్డ. ఆస్పెక్ట్స్ 8. కొలాటరల్స్ బాగున్నాయి. ఇక్కడ నేను రాత్రంతా ఇంటర్నెట్‌లో చదివినది పట్టుకుని, "పర్‌ఫ్యూజన్ తీశారా అండీ? ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు?" అని డాక్టరుగారిని అడిగాను. ఆయన విసుక్కోలేదు. "బాబూ, కావలసింది ఈ బొమ్మల్లోనే కనబడుతోంది. ఇంకో బొమ్మ కోసం ఆగితే, అందులో కనబడవలసింది తగ్గిపోతుంది" అన్నారు. పదకొండింటికి మొదలుపెట్టి గడ్డ తీశారు.

నాన్నగారు ఇప్పుడు నడుస్తారు. మాట చాలావరకు వచ్చింది, పేర్లు మాత్రం తడబడతారు. కుడి చేత్తో అన్నం కలుపుకుంటారు గాని సంతకం కుదరదు. ఒక్క మనిషి కథ రుజువు కాదు, రుజువు పైన చెప్పిన అంకెలు.

అయితే ఒక విషయం నన్ను ఇప్పటికీ వదలదు. నాలుగు రోజుల తరువాత అమ్మ మాటల మధ్యలో అంది: "తెల్లవారుఝామున మూడింటికి లేచి మంచినీళ్ళు అడిగారు. చలిగా ఉంది, ఫ్యాను ఆపమన్నారు." స్పష్టంగా మాట్లాడారట. అంటే బాగా ఉన్నట్టు చివరిసారి చూసిన సమయం రాత్రి పది కాదు, మూడు. నర్సింగ్ హోములో సీటీ తీసినది ఆరూ యాభైకి. అప్పటికి నాలుగు గంటలు కూడా కాలేదు. ఇంజెక్షను గడువు ఇంకా ఉంది. ఎప్పుడు పడుకున్నారని అందరూ అడిగారు. రాత్రి మధ్యలో లేచారా అని అమ్మని ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. ఎంత మంచి యంత్రమైనా ఆ ఒక్క ప్రశ్నకి బదులు చెప్పలేదు.

మనం గుర్తుపెట్టుకోవలసినవి

1. ముఖం ఒక పక్కకి జారటం, ఒక చెయ్యి గాని కాలు గాని పడిపోవటం, మాట తడబడటం, హఠాత్తుగా చూపు పోవటం, తూలిపోవటం. వీటిలో ఏది కనబడినా ఇక్కడ 911, మన రాష్ట్రాల్లో 108. "నిద్రలో వచ్చింది, టైము అయిపోయింది" అని మనమే తీర్పు చెప్పకూడదు.

2. చివరిసారి బాగా ఉన్నట్టు ఎవరు, ఎప్పుడు చూశారు? రాత్రి మధ్యలో లేచారా, మాట్లాడారా, ఎవరికైనా ఫోను చేశారా? ఇది రాసిపెట్టుకోండి.

3. స్కాను తియ్యకముందు ఆస్పిరిన్ వెయ్యవద్దు, అది రక్తస్రావం అయి ఉండవచ్చు. నీళ్ళు, కాఫీ కూడా పట్టవద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

4. ఆసుపత్రిలో అడగవలసిన మూడు ప్రశ్నలు: సీటీ యాంజియో తీశారా? పెద్ద నాళంలో గడ్డ ఉందా? ఉంటే తీసే సౌకర్యం ఇక్కడ ఉందా, లేకపోతే ఎక్కడికి, ఎంతసేపట్లో పంపుతారు?

5. అమ్మానాన్నల మందుల చీటీ, ముఖ్యంగా రక్తం పలచబరిచే మందులు, పేస్‌మేకరు, ఆపరేషన్లలో పెట్టిన లోహం వివరాలు మీ ఫోనులో ఉంచుకోండి.

6. తల్లిదండ్రులు ఇక్కడికి చూడటానికి వచ్చినప్పుడు బీమా గురించి ఆలోచిస్తూ ఆగవద్దు. 1986 నాటి అమెరికా చట్టం ప్రకారం అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రులు డబ్బు సంగతి తేలకముందే పరీక్షించి, ప్రాణాపాయం తప్పించే వైద్యం చెయ్యాలి. బిల్లు తరువాత వస్తుంది, అది వేరే బాధ.

ఈ ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు, మీ ఊరికి దగ్గరలో గడ్డ తీసే సౌకర్యం ఏ ఆసుపత్రిలో ఉందో కనుక్కోండి. ఆ పేరు అమ్మానాన్నలకీ, పక్కింటివాళ్ళకీ చెప్పి ఉంచండి. ఆ ఒక్క పేరు మాకు ముందే తెలిసి ఉంటే, ఆ పొద్దున తర్జనభర్జనల్లో పోయిన సమయం నాన్నగారికి మిగిలేది.